కవులు సరే, రాసిపెట్టే గుమాస్తాలేరీ?



పోయిన ఆదివారం మీటింగులో మేము పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడితే గొంతు లేస్తుందని మా ఇంటావిడ ముందే చెప్పి పంపింది. అందుకని ఇంటికి వచ్చి రాస్తున్నాము. పొడుగవుతుంది, చాయ్ పెట్టుకుని చదవండి. (మేము 'మేము' అని రాస్తే ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు నవ్వుతున్నారట. ముప్పై ఆరేళ్లు రైల్వే ఆఫీసులో ఉత్తరాలు రాసిన చెయ్యి ఇది, దానికి 'నేను' రాయటం రాదు. పైగా ఈ రాసేదాంట్లో సగం మా ఆవిడ మాటలే.)

సంగతి అందరికీ తెలిసిందే. మన కులానికి ఒక భక్తి గ్రంథం ఉండాలి, రేపు మన మనవలకు అదే ఆస్తిగా మిగలాలి అని అనుకున్నాము. అంతవరకు మేమూ చెయ్యి ఎత్తాము. ఆ తరువాత హైదరాబాదు నుంచి ఒక పెద్ద కవిగారిని పిలిపించి మార్కండేయ స్వామి మీద శతకం రాయించాలి, రంగుల కాగితం మీద అచ్చు వేయాలి, ముందు ఇరవై పేజీలు దాతల ఫొటోలు పెట్టాలి, నారళీ పున్నమి రథోత్సవం నాడు ఆవిష్కరించాలి అన్నారు. అక్కడ మా చెయ్యి కిందికి దిగింది. ఎందుకు దిగిందో చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. పాతికేళ్లుగా ఇది బయట చెప్పలేదు, సిగ్గుపడి.

మేము పుట్టింది కంచిలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అక్కడి మన పద్మశాలి వీధుల్లో మా ఈడువాళ్లందరి కథా ఇదే. అమ్మతో తెలుగు మాట్లాడతాము, అమ్మకు ఉత్తరం మాత్రం తమిళంలో రాస్తాము. ఎస్.ఎస్.ఎల్.సి. అయ్యాక రైల్వే పరీక్ష రాస్తే షోలాపూర్‌లో గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1982లో మద్రాసు నుంచి బొంబాయి పోయే బండి ఎక్కి ఇక్కడ దిగాము. రెండేళ్లకు దాజీ పేట్ పిల్లనే చేసుకున్నాము. అప్పటికి మాకు తెలుగులో ఒక్క అక్షరం రాదు. మాట్లాడటం వచ్చు, అదీ కంచి యాస. ఇక్కడివాళ్లు విని నవ్వేవాళ్లు.

మా అత్తగారు బీడీలు చుట్టేది. మన పూర్వ భాగంలో మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు చాటల ముందు, ఇది చెప్పక్కర్లేదు. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని నలుగురైదుగురు ఓసరాలో కూర్చుంటే చేతుల పని చేతులది, నోటి పని నోటిది. అత్తగారు పాటలు కట్టేది. చదువు రాదు. మా ఆవిడ మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగు, ఐదు తరగతులు చదివే రోజుల్లో సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి రాయించేదట. పెళ్లయ్యాక మా ఆవిడ మా రైల్వే క్వార్టర్సుకు వచ్చేసింది. అప్పటినుంచి పక్కింటి పిల్లతో రాయించిందట. ఒక పొడుగాటి లెక్కల పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. అందులో ముందు పేజీల్లో మామగారి నూలు లెక్కలు, వెనక్కి తిప్పితే పాటలు.

1998లో, అత్తగారు పోయిన ఏడాదికి, పాత ఇల్లు విప్పి కట్టించాము. మా ఆవిడ భివండిలో చెల్లెలి ఇంటికి పోయి ఉంది, పురుడు పోయటానికి. ఇల్లు ఖాళీ చేసే పని మాది. అటక మీద నుంచి పాత కాగితాలన్నీ దించాము. ఎర్ర అట్ట పుస్తకం మా చేతికి వచ్చింది. తెరిచి చూశాము. అంకెలు కనపడ్డాయి, నూలు లెక్కలు. పేజీలు తిప్పాము. తరువాతదంతా తెలుగు రాత. మాకు చదవటం రాదు. అదీ లెక్కలేననుకుని రద్దీవాడి తక్కెట్లో పెట్టాము.

ఆఫీసులో పదేళ్ల కిందటి ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉందో చూడకుండా చెప్పేవాళ్లం. అటువంటివాళ్లం ఇంటి పుస్తకాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాము.

మా ఆవిడ వచ్చాక అడిగింది. చెప్పాము. ఆమె అరవలేదు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "మీకు తెలుగు రాదు కదా" అంది. ఆ మాట పట్టుకుని మేము ఆ వారమే నాలుగో తరగతి పిల్లల వాచకం కొన్నాము. నలభై ఏళ్ల వయసులో అ ఆ దిద్దాము. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ రాత అప్పటి దిద్దుడే. తప్పులుంటే మన్నించాలి.

పుస్తకంలో ఎన్ని పాటలుండేవో మా ఆవిడకే సరిగా తెలియదు. ఇప్పుడు ఆమె నోట మిగిలినవి నాలుగు. రెండు మంగళహారతులు, ఒక జోల, ఒకటి మార్కండేయ స్వామి మీద పాట. ఈ చివరి పాట గురించి తరువాత చెబుతాము.

ఇప్పుడు గ్రంథం సంగతికి వద్దాం. మార్కండేయ పురాణాన్ని మారన తెలుగు పద్యాల్లో చెప్పి ఆరు వందల ఏళ్లు దాటింది. తిక్కన గారి శిష్యుడాయన. పద్యాలు కావలసినవాళ్లకు ఆ పుస్తకం ఉంది. తెలంగాణ ఊళ్లలో మన వాళ్ల కోసమే కూనపులి వాళ్లు బొమ్మల పటం కట్టి, రాత్రిళ్లు మార్కండేయ స్వామి కథ, భావనా ఋషి కథ చెప్పేవాళ్లు. చేర్యాల నకాషీ వాళ్లు ఆ పటాలు రాసిచ్చేవాళ్లు. మన తాత ముత్తాతలు ఆ కథ వినే ఇక్కడికి బండి ఎక్కారు. కథకు ఏ కొరతా లేదు. హైదరాబాదు కవిగారు ఎంత గొప్పవారైనా, వారు రాయబోయేది మనకు ఉన్న కథే, ఇంకోసారి. మా అత్తగారు చాట ముందు కూర్చుని మార్కండేయుణ్ణి ఏమడిగిందో ఆయన రాయలేరు. ఎవరూ రాయలేరు. ఆమె చెప్పింది, ఒక పిల్ల రాసింది, ఒక తెలివితక్కువవాడు అమ్మేశాడు.

నిలిచిన భక్తి రాతలన్నీ తీసి చూడండి. ప్రతిదాని వెనక రాసిపెట్టినవాడు ఒకడుంటాడు. పేరు పెద్దగా వినపడదు.

తాళ్లపాక అన్నమాచార్యుల వారి సంగతి చూద్దాం, మన దాజీ పేట్ వెంకటేశ్వర స్వామి గుడిలో మైకు పెట్టినప్పుడల్లా ఆయన పాటలే కదా. 1408లో పుట్టి 1503లో పోయారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పారంటారు. ఆయన చెప్పి ఊరుకుంటే మనకు ఎన్ని వచ్చేవి? కొడుకు పెద తిరుమలాచార్యులు రాగి రేకుల మీద చెక్కించి తిరుమల కొండ మీద చిన్న అరలో పెట్టించాడు. ఆ రేకులు 1922లో బయటికి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు, పన్నెండు వేలకు పైగా పాటలు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఏళ్ల తరబడి కూర్చుని ఆ రేకులు చదివి అచ్చుకు ఎక్కించారు. ఇందులో ఒక నష్టం కూడా ఉంది, అది గుర్తు పెట్టుకోండి. రేకు మీద రాగం పేరు ఉంది, వరుస లేదు. అన్నమయ్య ఎలా పాడాడో ఎవరికీ తెలియదు. మనం వినేవన్నీ తరువాతివాళ్లు కట్టిన వరుసలే. రాగి కూడా పాటను సగమే దాచగలిగింది.

మన ఊరి దేవుడి సంగతే చూడండి. జనవరిలో గడ్డా యాత్రకు, నందీధ్వజాలు చూడటానికి మనమంతా పోతాము. ఆ సిద్ధరామేశ్వరుడు పన్నెండో శతాబ్దపు మనిషి. చెరువు తవ్వించాడు, గుళ్లు కట్టించాడు, కన్నడంలో వచనాలు చెప్పాడు. చెప్పినవి తనవని తెలిసేలా ప్రతి వచనంలో కపిలసిద్ధ మల్లికార్జునుడి పేరు పెట్టాడు. ఈ సంగతి మన పేటలో ఎంతమందికి తెలుసు? మాకూ ఉద్యోగంలో చేరిన పదేళ్లకు గానీ తెలియలేదు, అదీ కన్నడ సహోద్యోగి ఒకాయన చెబితే. చెరువు కళ్లెదుట కనపడుతుంది. వచనాలు మాత్రం తాళపత్రాల్లో, ఎవరెవరి ఇళ్లలోనో పడి ఉన్నాయి. హోట్గీ జంక్షన్ దగ్గర దక్షిణానికి తిరిగితే బిజాపూర్ వస్తుంది. అక్కడ ఫ. గు. హళకట్టి అని ఒక వకీలు ఉండేవాడు. ఊరూరూ తిరిగి, ఇంటింటా అడిగి శరణుల వచనాల తాళపత్రాలు పోగుచేశాడు. 1923లో మొదటి పెద్ద పుస్తకం తెచ్చాడు. అచ్చువేసేవాడు దొరక్క తనే ప్రెస్సు పెట్టాడు, దాని కోసం సొంత ఇల్లు అమ్ముకున్నాడు. ఆయన కవి కాదు, వకీలు. ఆయన చేసింది గుమాస్తా పని. పోగు చేయటం, చదవటం, నకలు తీయటం, వరుసలో పెట్టటం.

తుకారాం గాథ ఇంద్రాయణిలో ముంచారని, తేలి వచ్చిందని మరాఠీ బడికి పోయిన మన పిల్లలందరికీ తెలుసు. తేలిందా లేదా అనే వాదులాటలోకి మేము పోము. తుకోబా పక్కన సంతాజీ జగనాడే అనే ఒకాయన ఉండేవాడు, గానుగ ఆడించే తేలి కులస్తుడు. అభంగాలు విని రాసిపెట్టేవాడు. గాథ మిగలటంలో ఆయన చెయ్యి ఉందని వారకరీలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకొకటి మా వైపుది. త్యాగరాజ స్వామి 1847లో తిరువయ్యారులో పోయారు. తెలుగు పాటలు, చుట్టూ తమిళ దేశం. ఆయన శిష్యుల్లో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఒకరు. సౌరాష్ట్ర కులస్తుడు, అంటే పట్టు నేసేవాళ్ల ఇంటివాడు. ఆయనా, ఆయన కొడుకూ స్వామివారి పాటలు రాసి దాచారు. ఆ రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. మన సంఘం లాంటిదే ఒక నేతగాళ్ల సంఘం వాటిని కాపాడింది. ఏ దాతల ఫొటోలు అడ్డంరాకుండా!

కవిగారు వద్దని మేము అనటం లేదు. వారికి ఇవ్వబోయే దాంట్లో నాలుగో వంతు పెట్టి మన పేటలోని పుస్తకాలు ముందు పోగుచేద్దామంటున్నాము.

మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మన ఆడవాళ్ల భజన పుస్తకాలు ఎవరు చదువుతారు? సగం సినిమా పాటల వరుసలకు దేవుడి పేరు తగిలించినవే కదా." అందులో నిజం లేకపోలేదు. మేము చూసిన ఏడెనిమిది పుస్తకాల్లో చాలా వరకు అటువంటివే. ఒకరి దగ్గర నుంచి ఒకరు ఎక్కించుకున్న హారతులు, పక్కన పచ్చళ్ల కొలతలు, చీటీ లెక్కలు. ఒకటి మాత్రం గమనించాము. ఎవరు కట్టిందో తెలియని ఒక పాట మధ్యలో, ఉన్నట్టుండి ఇంటి మాట వస్తుంది. మిల్లు భోంగా ఆగిపోయిందని వస్తుంది. మగడు భివండి పోయి ఉత్తరం రాయలేదని వస్తుంది. అక్కడ దేవుడి పేరు తగిలించినట్టు ఉండదు, నిజంగా పిలిచినట్టు ఉంటుంది. ఏది తాలు, ఏది గింజ అని తేల్చటం గుమాస్తా పని కాదు. వచ్చిన కాగితానికి నంబరు వేసి లోపల పెట్టటం అతని పని. తేల్చేవాళ్లు యాభై ఏళ్ల తరువాత వస్తారు.

ఇంకో పెద్దాయన, మాకు ఎంతో గౌరవం ఉన్న ఆయన, మా అత్తగారి పాట విని, "ఇది భక్తి కాదు, నింద. గ్రంథంలో పెట్టరాదు" అన్నారు. ఆ పాట ఏమిటో ఇప్పుడు చెబుతాము. పదాలు ఇక్కడ రాయము, మా ఆవిడ ఒప్పుకోలేదు. అర్థం చెబుతాము.

అత్తగారికి ఒక కొడుకు ఉండేవాడు, మా ఆవిడ కన్నా చిన్నవాడు. పదకొండో ఏట కామెర్లతో పోయాడు. ఆ పాట మార్కండేయుణ్ణి అడగటం. నీకు పదహారేళ్లే రాసి ఉందన్నారు, యముడు వస్తే నువ్వు లింగాన్ని పట్టుకున్నావు, బతికావు. మా వాడు ఏం పట్టుకోవాలో తెలియక నా మెడ పట్టుకున్నాడు. లింగానికున్న బలం నా మెడకు లేకపోయింది. మన కులదేవుడివి నువ్వు, ఆ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు? ఇంత వరకు రెండు చరణాలు.

అయ్యా, ఇది నిందే అయితే భద్రాచలం రామదాసు గారి పాటలు కూడా తీసెయ్యాలి. కంచర్ల గోపన్న గోలకొండ ఖైదులో ఉండి రాముణ్ణి అడిగిన మాటలు ఇంతకన్నా మెత్తగా ఏం లేవు. చేయించిన నగలు, పెట్టిన ఖర్చు, అన్నీ లెక్కకట్టి అడిగాడు. మూడు వందల ఏళ్లుగా ఆ పాటలు పాడుకుంటూనే ఉన్నాము, ఎవరూ రామదాసుకు భక్తి తక్కువ అనలేదు. దేవుడు లేడనుకున్నవాడు ఊరుకుంటాడు. ఉన్నాడనుకున్నవాడే నిలబెట్టి అడుగుతాడు. అత్తగారు ఏ ఏడాదీ రథం ముందు కొబ్బరికాయ కొట్టకుండా ఉండలేదు. కొడుకు పోయిన ఏడాది కూడా కొట్టిందట.

అందుకని ఇప్పుడు మనలో రాయాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా పదవీ విరమణ అయ్యాక భక్తి పుస్తకం రాస్తామని చెప్పే మా ఈడు అన్నలకు, ఒక విన్నపం. దేవుడి మహిమ గురించి ఇంకో పుస్తకం వద్దు. ఏ రోజు మీ నోట ఆయన పేరు నిజంగా వచ్చిందో ఆ రోజు గురించి రాయండి. సాంచా కరెంటు కోసేసిన రోజు రాయండి. ఎవరికి మొక్కారు, ఏమని మొక్కారు, జరిగిందా, జరగలేదా. జరగకపోతే జరగలేదనే రాయండి. ఏ పేట, ఏ సంవత్సరం, అప్పట్లో వెయ్యి బీడీలకు ఎంత ఇచ్చేవాళ్లు, అవీ రాయండి. కింద సంతకం పెట్టి తేదీ వేయండి. సిద్ధరాముడంతటివాడు తన ముద్ర వేసుకున్నాడు, మనం వేయటానికి సిగ్గెందుకు?

ఛందస్సు రాదే అని ఆగకండి. మాకు అక్షరాలే నలభై ఏళ్లకు వచ్చాయి.

ఇక లిపి. దీని మీద మీటింగులో ఒక్క మాట కూడా రాలేదు, అసలు చిక్కు ఇక్కడే ఉంది. రంగుల కాగితం మీద తెలుగు శతకం వేస్తే మన మనవల్లో ఎవరు చదువుతారు? పిల్లలు మరాఠీ మీడియం, లేకపోతే ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవటం రాదు. అంటే మేము 1998లో ఎక్కడ ఉన్నామో వాళ్లు ఇప్పుడు అక్కడ ఉన్నారు. రేపు మీరు పోయాక మీ మనవడు ఆ గ్రంథాన్ని తెరిచి, అర్థంకాని గీతలు చూసి, ఏం చేస్తాడో మాకు బాగా తెలుసు. మేము చేసి చూశాము.

ఎడమ పేజీ తెలుగు లిపిలో, కుడి పేజీ అదే తెలుగు మాట మరాఠీ లిపిలో ఉండాలి. అర్థం మార్చి అనువాదం చేయనక్కర్లేదు, మాట తెలుగే, అక్షరం మాత్రం వాళ్లకు వచ్చిన అక్షరం. ఇది అంత తేలిక కాదని ముందే చెబుతున్నాము. మేము చేసి చూశాము. తమిళంలో ఎ, ఏ వేరువేరుగా ఉన్నాయి, ఒ, ఓ కూడా వేరే. క, గ తేడా మాత్రం లేదు. అందుకే త్యాగరాజ కీర్తనల తమిళ పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు, ఇది రెండో క, ఇది మూడో క అని. మేము చిన్నప్పుడు చూసిన తెలుగు పాటలన్నీ అలా అంకెలతో ఉండేవి, లెక్కల పుస్తకమేమో అనిపించేది. మరాఠీలో దీనికి తిరగబడి ఉంది. క, గ ఉన్నాయి, మన ళ ఉంది, చ, జ రెండు రకాలుగా పలకటం కూడా మనలాగే ఉంది. ఎ, ఏ తేడా లేదు.

అత్తగారి పాట మరాఠీ లిపిలో రాసి మనవడికి ఇచ్చాము. వాడు 'మెడ పట్టుకున్నాడు' అన్నచోట 'మేడ పట్టుకున్నాడు' అని చదివాడు. చదివి, "తాతా, ఆ మామ మేడ మీదికి ఎక్కాడా?" అని అడిగాడు. మా ఆవిడ నవ్వింది, తరువాత లోపలికి పోయింది. అప్పటినుంచి పొట్టి ఎ, పొట్టి ఒ మీద ఎర్ర పెన్నుతో చుక్క పెడుతున్నాము. పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు, పట్టుకుంటారు.

కాగితం గురించి కూడా ఒక మాట, ఇది ఉద్యోగం నేర్పింది. పెన్సిల్ రాత యాభై ఏళ్లయినా ఉంటుంది. బాల్ పెన్ ఫరవాలేదు. స్కెచ్ పెన్నుతో రాసింది ఒక్క వాన చుక్కకు పోతుంది. మెషిను నుంచి వచ్చే నున్నటి రసీదు కాగితం రెండేళ్లకు తెల్లబడుతుంది, దాని మీద ఏదీ రాసి దాచుకోకండి. పుస్తకం ఒక్క ఇంట్లోనే ఉంచకండి, జిరాక్స్ తీసి అయిదు ఇళ్లలో ఉంచండి, అందులో ఒక ఇల్లు వేరే ఊళ్లో ఉండాలి. సెల్ ఫోనులో గొంతు రికార్డు చేయండి, అన్నమయ్య రేకుల్లో పోయింది అదే. ఫోను మారినప్పుడు అదీ పోతుంది కాబట్టి సంఘం కంప్యూటర్లో ఎక్కించండి. పాత పటం చిరిగిపోతే కూనపులి వాళ్లు దాన్ని నీళ్లలో వదిలి కొత్తది రాయించుకునేవాళ్లు. మన కాగితాలనూ అలాగే పదేళ్లకొకసారి ఎవరో ఒకరు కూర్చుని తిరిగి ఎక్కించాల్సిందే. ఆ పని మేము ఉన్నంత కాలం మేము చేస్తాము.

ఇక మా ప్రతిపాదన, మినిట్సులో రాసుకోవటానికి. గ్రంథం తీర్మానాన్ని ఒక ఏడాది ఆపండి. ఈ ఏడాది రథోత్సవం నాడు గుడి దగ్గర ఒక బల్ల వేసి మేము కూర్చుంటాము. ఎవరి ఇంట్లో ఏ పాత పుస్తకం ఉన్నా తీసుకురండి, చిరిగినా సరే, లెక్కల పుస్తకమైనా సరే, చదవటం రాకపోయినా సరే. అక్కడే నంబరు వేసి, మీ ఎదుటే నకలు తీయించి, అసలు పుస్తకం మీ చేతికే ఇస్తాము. పుస్తకం మా దగ్గర ఉంచమని అడగము. మా చేతికి పుస్తకాలు ఇవ్వటానికి మీకు భయం వేస్తే అది న్యాయమే. రాయించింది ఎవరో, రాసింది ఎవరో రెండు పేర్లూ రాసుకుంటాము. జిరాక్స్ ఖర్చు మా పెన్షన్‌లోంచి పెట్టుకుంటాము, రసీదు కూడా ఇస్తాము. అటక మీద నుంచి పాత కాగితాలు దించే ముందు మాత్రం ఒకసారి మాకు ఫోను చేయండి. అర్ధరాత్రి అయినా ఫరవాలేదు.

ఇప్పుడు సొంత పని ఒకటి అడుగుతున్నాము. అత్తగారి మార్కండేయుడి పాటకు మూడో చరణం ఉంది. అది మా ఆవిడ పెళ్లయి వచ్చేశాక కట్టింది, అంటే 1984 తరువాత. రాసింది పక్కింటి పిల్ల. మా ఆవిడ పుట్టింటికి పోయినప్పుడు రెండు మూడుసార్లు విన్నదట, మాటలు గుర్తు లేవు. మార్కండేయుడు ఏదో జవాబు చెబుతాడని, అది వచ్చేసరికి ఓసరాలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టటం ఆపి వినేవాళ్లని మాత్రం గుర్తుంది. ఆ పిల్లవాళ్లు తరువాత ఇల్లు ఖాళీ చేసి పోయారు, భివండికో సూరత్‌కో. ఆ రోజుల్లో దాజీ పేట్‌లో మా అత్తగారి వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, మీ అమ్మనో, పెద్దమ్మనో, చిన్నమ్మనో ఒకసారి అడిగి చూడండి. ఎర్ర అట్ట పుస్తకం అని చెప్పండి. కొడుకు పోయిన ఆమె అని చెప్పండి. మొత్తం గుర్తు లేకపోయినా ఫరవాలేదు, ఒక్క మాట గుర్తున్నా రాసుకుంటాము.